గోడ కొలత

రేవులో ఆఖరి ఓడకు సరుకు పెట్టెలు ఎక్కించడం పూర్తిచేసి నూకరాజు చేతి తొడుగులు విప్పాడు. క్రేన్లు సముద్రం ఒడ్డున ఉన్నాయి. వాటిని నడిపే నూకరాజు మాత్రం కాకినాడలో, పద్నాలుగో అంతస్తులోని తన ఇంటి ముందుగదిలో, ఒళ్ళో పెట్టుకునే చిన్న తెర మీదికి వంగి కూర్చుని ఉన్నాడు. మెడ పట్టేసింది.

"ఇంకెన్నాళ్ళు నాన్నా ఆ పలకతో తంటాలు?" అంది కూతురు భవాని, నేలమీద చాప పరుస్తూ. పదో తరగతి చదువుతున్న పిల్ల. ఆమె బడి కూడా అంత చిన్న తెర మీదే నడుస్తోంది.

"ఇవాళ్టితో సరి. కొలుస్తోందిగా అదిగో."

గది మధ్యలో మూడు కాళ్ళ మీద చూపుమాపి నిలబడి ఉంది. కోడిగుడ్డంత గాజు తల, దాని లోపల సన్నని వెలుగు. ఇంట్లోవాళ్ళు ఎక్కడ కూర్చుంటారు, ఎంత దూరం నుంచి చూస్తారు, ఎవరి చూపు ఎక్కడ ఎంతసేపు నిలుస్తుంది అన్నది అది పొద్దుటి నుంచి కొలుస్తోంది. ఆ లెక్కను బట్టి ఈ ఇంటికి ఎంత గోడతెర కావాలో చెబుతుంది. గోడతెరలు మూడు కొలతల్లో వస్తాయి. కిటికీ, తలుపు, గోడ. బడి, ఆసుపత్రి, కొలువు, బంధువుల ఇళ్ళలో శుభకార్యాలు, అన్నీ తెరమీదికే వచ్చేశాక, ముందుగదికి ఏ కొలత తెర కావాలన్నది ప్రతి ఇంట్లోనూ పెద్ద మాటే అయింది. చిన్నదైతే కళ్ళు లాగుతాయి. మరీ పెద్దదైతే తల తిరుగుతుంది. అందుకే గృహమండలి ఈ యంత్రాన్ని ఇల్లిల్లూ తిప్పుతోంది.

వీరవేణి పకోడీల పళ్ళెం తెచ్చి చాప మధ్యలో పెట్టి కూర్చుంది. ముగ్గురూ ఒకరికొకరు ఎదురుగా, ముక్కోణంలా కూర్చున్నారు. ఆ ఇంట్లో ఎప్పుడూ అంతే. భవానికి నాలుగేళ్ళున్నప్పుడు తనకు పట్టిన జ్వరంతో వీరవేణికి వినికిడి పూర్తిగా పోయింది. చెవి నరమే చచ్చిపోయిందనీ, ఏ పరికరమూ పనిచేయదనీ వైద్యులు చెప్పేశారు. అప్పటినుంచి ఆమె పెదవులు చూసి మాట పోల్చుకుంటుంది. ఎవరైనా ఏదైనా చెప్పాలంటే ముందు ఆమె మోకాలు తట్టి, వెలుగులోకి మొహం తిప్పి చెబుతారు. మాట్లాడటం మాత్రం ఆమె మరిచిపోలేదు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి ఎదుటివాళ్ళ మొహాలు చూసి దాన్ని సరిచేసుకుంటుంది. గొంతు పెరిగితే నూకరాజు అరచెయ్యి కిందికి దించుతాడు. పలుకు వంకర పోతే భవాని అదే మాటను నోరు సాగదీసి పలికి చూపిస్తుంది.

"పకోడీలో ఉప్పు ఎక్కువైందా?" అని అడిగింది వీరవేణి.

నూకరాజు ఆమె మోకాలు తట్టి, "ఉప్పు సరిపోయింది. పకోడీయే తక్కువైంది" అన్నాడు.

"నాన్న ఒక్కరే సగం పళ్ళెం లాగించేశారమ్మా."

"కష్టపడేది ఎవరే? నువ్వా, నేనా?"

వీరవేణి చూపు మొగుడి మొహం నుంచి కూతురి మొహానికి, అక్కడినుంచి మళ్ళీ మొగుడి మొహానికి తిరుగుతోంది. నవ్వుతోంది. గాజు తలలోని వెలుగు ఆమెవైపు మళ్ళి ఆగింది.

దీపాలు పెట్టే వేళకు గృహమండలి నుంచి షాహీన్ అనే అమ్మాయి వచ్చింది. చూపుమాపిని తన చేతిపలకకు కలిపి చూసి, కాస్త తటపటాయించింది.

"బాబాయి గారూ, మీ సోఫాకీ గోడకీ తొమ్మిదడుగులు ఉందండి. ఆ దూరానికి మామూలుగా తలుపు కొలత సరిపోతుంది. కానీ మాపి గోడ కొలతే వేయించుకోమంటోంది."

"ఎందుకంట?"

"పిన్నిగారి చూపు నిలవట్లేదంటండి. ఒకచోట రెండు క్షణాలు కూడా ఉండట్లేదంట. 'చెదురుచూపు' అని చూపిస్తోంది. తెర పెద్దదైతే కుదురుకుంటుందంట."

భవాని పకపకా నవ్వింది. "చెదురుచూపేంటండీ! మాటలు వింటోంది మా అమ్మ. నాన్న మాట్లాడితే నాన్నని చూస్తది, నేను మాట్లాడితే నన్ను చూస్తది."

"నాకు తెలుస్తోందమ్మా. దానికి చెప్పే వీలు లేదు. కళ్ళు చూడ్డానికే అనుకుంటది అది." షాహీన్ వీరవేణివైపు తిరిగి నెమ్మదిగా అడిగింది. "మీకేం కావాలి పిన్నిగారూ?"

"నాకు కిటికీ చాలమ్మా" అంది వీరవేణి. "గోడంత తెర పెడితే అందరం దానివైపే తిరిగి కూచోవాలి. వీళ్ళ మొహాలు నాకు కనపడవు."

నూకరాజు ఆమె మోకాలు తట్టాడు. "మొహాలెక్కడికి పోతాయే? నీ కోసమే నేను పెద్దది అంటున్నది. దాంట్లో మాటధార ఉంటదంట. ఇంట్లో ఎవరేం మాట్లాడినా అక్షరాలై గోడమీద పడతాయి. నువ్వు వంటింట్లో ఉన్నా కనపడాలంటే గోడంత ఉండొద్దూ?"

"ఇప్పుడు నాకేం తక్కువైంది?"

అతను పెదవులు స్పష్టంగా కదిలిస్తూ అన్నాడు. "మా చెల్లెలి కూతురు పెళ్ళిలో అందరూ నవ్వాక నవ్వేవు నువ్వు. ఎందుకు నవ్వుతున్నారో తెలీకుండానే నవ్వేవు. నేను చూశాను. అలా చూళ్ళేను వేణీ. ఒక్క మాట కూడా నీకు తప్పిపోకూడదు."

వీరవేణి అతని మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత షాహీన్‌వైపు తిరిగి, "గోడ కొలతే వేయండమ్మా" అంది.

గోడతెర వచ్చింది. నేలనుంచి పైకప్పుదాకా, ఈ మూలనుంచి ఆ మూలకు. సోఫాను తొమ్మిదడుగుల గీతమీద పెట్టి, జరగకుండా బిగించి వెళ్ళారు. చాప పరిచే చోటు తెరకు మరీ దగ్గరైపోయింది. అక్కడ కూర్చుంటే మెడ నొప్పి. చాప చుట్టి మంచం కింద పెట్టారు.

మొదటి నెలల్లో వీరవేణికి అది పండగే. ఆడపడుచు గోడమీదికి వచ్చి ఏదో అంటే, ఆ మాట తెర అడుగున అరచేతంత అక్షరాల్లో పారింది. అందరితోపాటే, అందరికంటే ముందే ఆమె నవ్వింది. నూకరాజు కళ్ళు చెమర్చాయి. భవాని బడిలో పంతులమ్మ విసుగు, పైఇంటివాళ్ళ నీళ్ళ గొడవ, అన్నీ ఆమెకు తెలిశాయి. కూర తాలింపు వేస్తూ, "ఆ అమ్మాయి అబద్ధం చెప్తోంది" అని సీరియల్ మీద తగువు వేసుకునేది. ఆమె మాట కూడా పసుపురంగు అక్షరాలై గోడమీద పడేది. మొగుడూ కూతురూ చదువుకుని అక్కడినుంచే జవాబిచ్చేవారు. ముగ్గురూ వరసగా, ఒకే వైపు చూస్తూ.

మోకాలు తట్టడం ఎప్పుడు ఆగిపోయిందో ఎవరికీ గుర్తులేదు. ఒకసారి వీరవేణి నూకరాజు గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకోబోయింది. అతని చేతులకు తొడుగులున్నాయి, గోడమీద ఓడ ఉంది. "గోడమీద పడుతోందిగా, చదువుకోవే" అన్నాడు తల తిప్పకుండా. ఆ మాట కూడా గోడమీద పడింది. చదువుకుంది.

ఆమె గొంతు పెరిగినప్పుడు దించడానికి ఎదురుగా అరచెయ్యి లేదు. పలుకు వంకర పోతే పలికి చూపించే నోరు లేదు. మెల్లగా కొన్ని అక్షరాలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. కొన్ని ముక్కులోకి పోయాయి. మాటధార ఏ రోజు మార్పును ఆ రోజే నేర్చుకుంది. ఆమె ఎలా పలికినా ఏమంటోందో దానికి తెలుసు. తప్పు లేకుండా గోడమీద రాసింది. చదివేవాళ్ళకు తేడా కనిపించలేదు. వినడం వాళ్ళు ఎప్పుడో మానేశారు.

రెండో ఏడు షాహీన్ తెరను పరీక్షించడానికి వచ్చింది. గోడకు వీపు పెట్టి నిలబడి ఉండగా వీరవేణి మంచినీళ్ళు తెచ్చి ఏదో అంది. షాహీన్‌కు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. మళ్ళీ కాలేదు. వెనక్కి తిరిగి గోడమీద చదివింది. 'ఎండలో వచ్చావు, కూచోమ్మా.'

వెళ్ళబోతూ నూకరాజుతో గొంతు తగ్గించి అంది. "బాబాయి గారూ, పిన్నిగారి మాట కొంచెం మారిందేమోనండి."

"ఆవిడ మాట ఎప్పుడూ అంతేనమ్మా. మాకు అలవాటే" అన్నాడు నూకరాజు. నిజంగా అలాగే నమ్మాడు. తెర పరీక్షలో మాటధారకు నూటికి నూరు వచ్చింది.

మూడో ఏడు చివర్లో భవానికి విశాఖలో, సముద్రపు నీటితో పంటలు పండించే కేంద్రంలో శిక్షణకు సీటు వచ్చింది. తెరమీద నేర్చుకునేది కాదు, మట్టిలో చెయ్యి పెట్టి నేర్చుకోవాలి. అందుకని స్వయంగా వెళ్ళాలి. నూకరాజు పైఅంతస్తులోనూ కిందఅంతస్తులోనూ చెప్పుకుని మురిసిపోయాడు. మా వంశంలో ఇంత చదువు ఇదే మొదలన్నాడు.

భవాని రాత్రిళ్ళు సరిగా నిద్రపోవడం లేదు. వీరవేణి గమనించింది. పిల్ల మొహం చూడటం ఆమె ఒక్కతే మానలేదు. అడగాలనుకుంది, చెప్పాలనుకుంది. కానీ ఆ ఇంట్లో ఏ మూల ఎంత మెల్లగా అన్నా ఆ మాట అరచేతంత అక్షరాల్లో గోడమీద పడుతుంది. తండ్రి చదువుతాడు. అందుకే దాచుకుంది. బస్సు దగ్గర చెప్పొచ్చులే అనుకుంది.

చాలా కాలానికి ముగ్గురూ కలిసి బయటికి వచ్చారు. బస్టాండులో ఉప్పుగాలి వీస్తోంది. నూకరాజు సామాను పైకెక్కిస్తుండగా వీరవేణి కూతుర్ని పక్కకు లాగి, రెండు చేతుల్లో ఆమె మొహం పట్టుకుని చెప్పింది. అక్కడ నచ్చకపోతే వచ్చెయ్యమంది. నాన్న పరువు, ఇంతమందికి చెప్పుకున్నాం అన్న సంగతి, ఏమీ ఆలోచించొద్దంది. ఏ రోజు వచ్చినా తలుపు తీసేది తానేనంది.

భవాని తల్లి నోటివైపు చూస్తూ నిలబడింది. చివరికి, "సరేనమ్మా" అంది.

వీరవేణికి వెంటనే తెలిసిపోయింది. పద్నాలుగేళ్ళుగా మొహాలు చదువుతున్న మనిషి. అర్థమైన మొహం ఎలా ఉంటుందో, అయినట్టు నటించే మొహం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు. పెళ్ళిళ్ళలో తాను పెట్టుకునే మొహం అది.

మళ్ళీ చెప్పింది. ఇంకా గట్టిగా చెప్పింది. టికెట్ల దగ్గర నిలబడ్డవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. భవాని గాభరాపడి చేతిపలక తీసి తల్లి నోటి దగ్గర పెట్టింది. ఇంటి గోడ నేర్చుకున్నది ఇంటి గోడలోనే ఉంటుంది. ఇళ్ళల్లో మాటలు బయటికి పోకూడదని ప్రభుత్వం పెట్టిన నియమం అది. చేతిపలకకు అందరూ మాట్లాడే తెలుగే తెలుసు. అది కాస్సేపు ఆలోచించి ఒక ప్రశ్న చూపించింది. 'ఇది ఏ భాష?'

నూకరాజు దగ్గరికి వచ్చాడు. "ఏమంటోందే మీ అమ్మ?"

"తెలీట్లేదు నాన్నా. మీకేమన్నా తెలుస్తోందా?"

"నాకూ తెలీట్లేదు." అతని మొహం పాలిపోయింది. "ఇంట్లో బాగానే మాట్లాడుతోందిగా?"

ఇద్దరి పెదవులూ ఎండలో స్పష్టంగా కదిలాయి. వీరవేణి ఒక్క మాట కూడా తప్పిపోకుండా చదువుకుంది. పలకమీద రాసి చూపిద్దామంటే నూకరాజు పక్కనే ఉన్నాడు.

బస్సు కదిలేముందు ఆమె కూతురి తల నిమిరి, ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. జాగ్రత్తగా వెళ్ళిరమ్మన్నానని సైగ చేసింది. భవాని కిటికీలోంచి ఏడుస్తూ చెయ్యి ఊపింది. బస్సు మలుపు తిరిగింది.

నూకరాజు ఎన్నాళ్ళకో ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. మొహం వెలుగులోకి తిప్పాడు. మాట మాట విడదీస్తూ అన్నాడు.

"ఇంటికెళ్ళాక చెప్పు వేణీ. గోడమీద చదువుతాను."

వీరవేణి అతనికేసి చూసి ఏదో అంది. రెండు మాటలే. గట్టిగా కూడా అనలేదు.

అతను చెయ్యి అడ్డం పెట్టి ఎండను కాచుకుంటూ, వంగి, ఆమె పెదవుల్లోకి చూశాడు. అవి మళ్ళీ అవే రెండు మాటలు అన్నాయి. అతనికి చదవడం రాలేదు.