తాళం లేని గాదె

"పెంచలా! ఒరేయ్ పెంచలా! ఆ కొండ చూడు, ఈ చెవి చూడు!"

ఓబులేసు గొంతు కీచుమంది. అతని చేతిలో మూరెడు పొడుగు కొయ్య తాళంచెవి ఉంది. పోయిన నెల మొరాకో సంతలో పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర ముచ్చటపడి కొన్న వస్తువది. దాని పిడి మీద ఎవరో కాల్చిన కడ్డీతో ఒక బొమ్మ గీశారు. రెండు కొమ్ముల కొండ, కొమ్ముల నడుమ చుక్కల వరస, వరస చివర చిన్న అరచెయ్యి. పెంచలయ్య తలెత్తి లోయకు అవతల చూశాడు. నిట్టనిలువు ఎర్రరాతి కొండ రెండు కొమ్ములతో ఎదురుగా నిలబడి ఉంది. దాని నడుము మీద, పావురాల గూళ్ళలాగా, చిన్న చిన్న తలుపులు వరసగా కనబడుతున్నాయి. 

వాళ్ళిద్దరిదీ కడప జిల్లా మంగంపేట దగ్గర పల్లె. ముగ్గురాయి గనుల్లో రంధ్రాలు తొలిచే పని నేర్చి, ఆ పని మీదే మొరాకో దేశపు అట్లాస్ కొండలదాకా వచ్చారు. పని ముగిసింది, ఇంటికి పోవాలి. పోయే ముందు తన ఊరు చూసి తీరాలని వాళ్ళతో పనిచేసిన బాసూ పట్టుబట్టి తీసుకొచ్చాడు. బాసూ అక్కడి అమజిగ్ జాతివాడు. వీళ్ళతో తిరిగి తిరిగి కడప యాసలో తెలుగు కూడా పట్టేశాడు. వాళ్ళ ఊరు ఐత్ వమ్లాల్, కొండ వాలు మీద ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్న మట్టి మిద్దెల ఊరు.

ఓబులేసుకు గుప్తనిధుల పిచ్చి ఈనాటిది కాదు. మన వైపు పాడుబడ్డ కోట కనిపిస్తే చాలు, గడ్డపార తీసుకొని బయలుదేరేవాడు. అన్నేళ్ళ తవ్వకానికి దొరికింది ఒక తుప్పు ప్రమిద, రెండు తేలుకాట్లు. ఆయన పెంచలయ్యకు అక్కమొగుడు. విమానం ఎక్కే రోజు అక్క చెంగమ్మ పెంచలయ్య రెండు చేతులూ పట్టుకొని, "మీ బావ ఉత్త పిచ్చిమనిషి. నీ చేతిలో పెడతాండా. ఎట్ల తీసకపోతాండావో అట్లనే తీసకరా నాయనా," అని ఏడ్చింది. ఆ మాట పెంచలయ్య మరిచిపోలేదు. కానీ ఆ చెవి మీది బొమ్మ చూశాక అతని మనసు కూడా కుదురుగా లేదు, నిజం చెప్పుకోవాలి.

మిద్దె మీద బాసూ తల్లి ఇత్తో పుదీనా టీ పోస్తోంది. గ్లాసుకు మూరెడు ఎత్తునుంచి పోసినా ఒక్క చుక్క బయటపడలేదు. ఓబులేసు చెవిని చొక్కాలో దాచి, ఏమీ ఎరగనట్టు ఆ తలుపుల సంగతి అడిగాడు.

"అగాదిర్ అంటాం. మీ మాటలో గాదెలు," అన్నాడు బాసూ. "ముందు కాలంలో కొట్లాటలు శానా. బార్లీ, నగలు, కాగితాలు అన్నీ ఆడ పెట్టేటోళ్ళు. ఇంటికొక గాదె. ఇప్పుడు ఎవురూ పెట్టరు. మా అమ్మ కాపలా."

"ఏమీ పెట్టకుంటే కాపలా దేనికబ్బా?"

బాసూ తల్లిని అడిగాడు. ఆమె నవ్వి ఏదో చెప్పింది. "ఊరిడిసి పోయినోళ్ళు మళ్ళా వస్తే, వాళ్ళ గాదె వాళ్ళకి ఇయ్యాల గదా అంటాంది. మంచు వచ్చేటట్టుంది. కరిగినాక తానే తీసకపోయి చూపిస్తాదంట."

మంచు కరిగేదాకా ఆగే ఓపిక ఓబులేసుకు ఎక్కడిది? పొద్దున్నే కిందికి పోయే లారీలో తామిద్దరం పోతామని అప్పటికప్పుడు ఒక అబద్ధం ఆడేశాడు. తెల్లవారేసరికి ఇత్తో వేడి రొట్టెలు గుడ్డలో కట్టి ఇచ్చింది, ఇద్దరి తలలూ నిమిరింది. ఊరి మలుపు దాటాక వీళ్ళు లారీ దారి వదిలి వాగులోకి దిగారు. ఆమె ఇచ్చిన రొట్టెలు సంచిలో వేసుకొని, ఆమె కాపలా కాసే గాదెల మీదికే పోతున్నందుకు పెంచలయ్యకు సిగ్గేసింది. అయినా అతని కాళ్ళు ఆగలేదు.

కొండ ఎక్కడం ఒక ఎత్తు, ఆ గట్టు మీద నడవడం ఒక ఎత్తు. నులకమంచం వెడల్పు కూడా లేని రాతిగట్టు. ఒక పక్క గోడ, ఇంకో పక్క కింద వాగు హోరుమంటున్న పాతాళం. నడుమ ఒకచోట గట్టు తెగిపోయి నోరు తెరిచింది. దాని మీద వేసుకోవడానికి ఒక లావాటి దూలం గోడకు ఆనించి ఉంది. ఇద్దరూ ఆపసోపాలు పడి దాన్ని అడ్డం వేశారు. ఇత్తో ఆ దూలం వేసినప్పుడల్లా రెండు చివర్లలో రాళ్ళు దిగగొట్టి బిగించేది. ఆ సంగతి వీళ్ళకు తెలియదు.

"కిందికి చూడొద్దు బావా! గోడ పట్టుకొని రా!"

దూలం దాటగానే మొదటి గాదె. దాని తలుపుకు తాళం లేదు, గడ్డితాడుతో కట్టి ఉంది. పెంచలయ్య ఆగబోయాడు.

"తాళం లేనిదాంట్లో ఏముంటాదిరా, ఎలకల పెంటికలు! పా ముందుకి!" అని ఓబులేసు అతన్ని తోశాడు.

గట్టు ఒక గుహలోకి తిరిగింది. లోపల రెండు వైపులా గాదెలు. చిట్టచివరి తలుపు మీద చెక్కిన అరచెయ్యి కనబడింది. ఓబులేసు చెవిని దూర్చి పైకి ఎత్తాడు. లోపల కొయ్య పళ్ళు కటకటమని లేచాయి, తలుపు కిర్రుమంది. టార్చి వెలుగులో ఒక మేకతోలు సంచి. దాని మూతి విప్పితే వెండి! అరచెయ్యంత పిన్నులు, వాటిని కలిపే గొలుసులు, పగడాలు పొదిగిన నొసటి పట్టీలు, దండకడియాలు. ఓబులేసు ఆ సంచి ముందు మోకాళ్ళ మీద కూలబడి పసిబిడ్డలా ఏడ్చాడు.

"దొరికినాదిరా పెంచలా! ఊరంతా నన్ను ఎగతాళి చేసినారు గదరా! ఇంగ ఎవురు నవ్వుతారో చూస్తా!"

గుహ బయటికి వచ్చేసరికి లోకం తెల్లబడిపోయింది. మంచు ఈటెల్లా ముఖాన కొడుతోంది. ఓబులేసు సంచిని వీపున కట్టుకొని, వద్దంటున్నా వినకుండా, దూలం మీద కాలు పెట్టాడు. తడికి దూలం దొర్లింది.

"బావా!"

పెంచలయ్య ఎగిరి బోర్లా పడి ఓబులేసు నడుం బెల్టు పట్టుకున్నాడు. దూలం గిరగిరా తిరుగుతూ లోయలోకి పోయింది, అది వాగులో పడ్డ చప్పుడు చాలాసేపటికి గాని వినిపించలేదు. ఓబులేసు కాలు రాతికి కొట్టుకొని కట్టె విరిగినట్టు పెటిల్లుమంది. ఎలా లాగాడో పెంచలయ్యకే తెలియదు. గట్టు మీదికి లాగి పడేసేసరికి బావ మోకాలి కింద కాలు వంకర తిరిగి ఉంది. ముందుకు దారి లేదు. వెనక్కు గుహ తప్ప ఏమీ లేదు. వీళ్ళు లారీలో పోయారని ఊళ్ళో అందరూ నమ్మి ఉన్నారు. వెతకడానికి ఎవరు వస్తారు?

ఆ తరవాత గడిచిన పగళ్ళూ రాత్రులూ ఒకే ముద్దగా కలిసిపోయాయి. రొట్టెలు అయిపోయాయి. మంచు చప్పరించి దాహం తీర్చుకున్నారు. పెంచలయ్య గుహలోని ఒక్కొక్క గాదె తలుపూ తన్ని తెరిచాడు. పొట్టు, పగిలిన కుండలు, దుమ్ము! పిడికెడు గింజలు ఎక్కడా లేవు. వెండి మాత్రం మణుగు బరువున పక్కనే పడి ఉంది. దాన్ని అతను కాలితో పక్కకు నెట్టాడు. అరిస్తే వాగు హోరులో, గాలిలో అతని గొంతు అతనికే వినిపించడం లేదు. పైగా అరవబోయినప్పుడల్లా ఓబులేసు చెయ్యి పట్టుకొని లాగేవాడు.

"గమ్మునుండు! దొంగలని పట్టిస్తారు. పరాయి దేశంరా, జైల్లో కుళ్ళబెడతారు."

చలికి ఓబులేసు పెదాలు నల్లబడ్డాయి. ఒక సాయంత్రం అతను వణకడం కూడా మానేశాడు. పెంచలయ్యకు భయం ముంచుకొచ్చింది. గాలి సోకని చోటు ఏదైనా దొరకాలి, లేకపోతే అక్కకు శవం కూడా మిగలదు. అప్పుడు గుర్తొచ్చింది, దూలం పక్కన తాము దాటిపోయిన మొదటి గాదె. పాక్కుంటూ పోయి గడ్డితాడు తెంపి తలుపు లాగాడు.

లోపల సంచి నిండా బార్లీపిండి. ఎండు అత్తిపండ్ల దండలు. తేనె కుండ, నూనె సీసా, బాదంకాయలు. ఒక మూల ఎండుకట్టెలు, వాటి మీద అగ్గిపెట్టె. ఇంకో మూల మడతపెట్టిన గొర్రెబొచ్చు కంబళ్ళు. అన్నీ ఈ ఏడాదివే, దేనిమీదా దుమ్ము లేదు. పెంచలయ్య అత్తిపండు నోట్లో పెట్టుకొని నమలలేక వెక్కివెక్కి ఏడ్చాడు.

బావను లోపలికి ఈడ్చి, కంబళ్ళు కప్పి, మంట వేసి, తేనెలో పిండి కలిపి తినిపించాడు. మంట కింద ఊరికి కనబడకూడదని తలుపు బిగించి మూశాడు. తలుపుకు లోపలివైపు తెల్లగా సున్నం పూసి ఉంది. లోపల ఎవరు చూస్తారని పూశారో అతనికి అర్థం కాలేదు, ఆలోచించే తీరికా లేదు.

ప్రాణం నిలిచింది గానీ కాలు నిలవలేదు. వాచి, నిగనిగలాడి, వాసన పట్టింది. ఓబులేసుకు జ్వరం తలకెక్కింది. వెండి సంచి తల కింద పెట్టుకొని చెంగమ్మతో మాట్లాడడం మొదలుపెట్టాడు. "ఈ పట్టీ పెట్టుకో మే. ఊరంతా చూడనీ," అంటూ గాల్లో చెయ్యి ఆడించాడు. పెంచలయ్య ఇక కూర్చోలేకపోయాడు. మంచు ఆగింది, సందుల్లోంచి ఎండ గీతలు పడుతున్నాయి. అతను లేచి తలుపు మీద చెయ్యి వేశాడు.

ఓబులేసుకు ఎక్కడి తెలివి వచ్చిందో. "వద్దురా! చూస్తారు!"

"చూడాలనే తీస్తాండా బావా."

"మనకాడ సొమ్ముందిరా!"

"ఉంటే ఉండనీ! దొంగోడని కట్టేసి కొట్టనీ, జైల్లో ఎయ్యనీ. బతికుండే దొంగను తీసకపోయి అక్కకి ఇస్తా. శవాన్ని నేను తీసకపోలేను!"

తలుపును ఒక్క తోపు తోశాడు. అది వెనక్కు తిరిగి ఎర్రరాతికి అతుక్కుంది. పెంచలయ్య గట్టు అంచున నిలబడి, చొక్కా విప్పి ఊపుతూ, రొమ్ము పగిలేలా అరిచాడు. "బాసూ! ఓ బాసూ! ఇత్తమ్మా!"

ముందు ఏమీ లేదు. తరవాత కింద ఒక మిద్దె మీద బట్టలారేస్తున్న మనిషి ఆగిపోయింది. సన్నగా, పొడుగ్గా, నాలుక ఆడిస్తూ పెట్టిన ఒక కేక లోయలోంచి లేచింది. ఇంకో మిద్దె అందుకుంది, ఇంకోటి అందుకుంది. ఊరు ఊరంతా ఆ కేకే. మనుషులు తాళ్ళు, దూలాలు భుజాన వేసుకొని మంచులో పరుగెత్తుకు వస్తున్నారు. పెంచలయ్య అక్కడే చతికిలబడ్డాడు.

కొత్త దూలం పడగానే అందరికంటే ముందు దాటింది ఇత్తో. వెనకాలే బాసూ. ఆమె ఓబులేసు కాలు చూసింది, నుదురు తడిమింది, మగవాళ్ళను కేకేసి కట్టెలతో కాలికి దబ్బలు కట్టించింది. ఆ తరవాత తెరిచి ఉన్న తెల్లటి తలుపును చేత్తో నిమిరి ఏడ్చింది. పెంచలయ్య తలవంచుకొని నిలబడ్డాడు.

"ఇది పరదేశి గాదె," అన్నాడు బాసూ.  "దారి తప్పినోడికి, ఆకలైనోడికి. అందుకే తాళం ఉండదు. తలుపు తీస్తే తెల్లగా కనబడతాది, ఊరోళ్ళు పరిగెత్తాల. మిగతా గాదెల్లో ఎవురూ ఏమీ పెట్టకపోయినా, దీంట్లో మాత్రం పంట వచ్చినప్పుడల్లా కొత్తవి పెడతాం. మా అమ్మ చిన్నపిల్లప్పటి నుంచి చూస్తాంది. ఇంతవరకు పరదేశి ఎవురూ తియ్యలేదు. మీరే మొదులు."

"అబద్ధం చెప్పి వచ్చినాం బాసూ. మేము..."

బాసూ చెయ్యి అడ్డం పెట్టాడు. "అమ్మ ఏమీ అడగదు. ఈ గాదెలో తిన్నోడు మాకు చుట్టం. చుట్టాన్ని సోదా చెయ్యం."

ఓబులేసు జ్వరపు కళ్ళు మెరిశాయి. పెంచలయ్య చెయ్యి గిల్లి గుసగుసగా అన్నాడు. "ఇన్నావా? సోదా చెయ్యరంట!"

పెంచలయ్య వంగి బావ తల కింద సంచి మీద చెయ్యి వేశాడు. ఓబులేసు దాని మూతిని రెండు చేతులా పట్టుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఓబులేసు చూపు మెల్లగా పక్కకు తిరిగింది, సగం ఖాళీ అయిన పిండి సంచి మీదికి, తేనె కుండ మీదికి.  వేళ్ళు ఒక్కొక్కటిగా వాటంతటవే వదిలేశాయి.

"పెట్టేసి రాపో," అన్నాడు.

పెంచలయ్య సంచి మోసుకొని గుహ చివరికి నడిచాడు. ఇత్తో వెంట వచ్చింది గానీ, అరచెయ్యి తలుపు తెరవగానే గోడవైపు తిరిగి నిలబడింది. ఎవరి గాదెలో ఏముందో కాపలా మనిషి చూడకూడదట. అతను తాళం వేసి చెవి చేతిలో పెట్టాక గాని ఆమె ఇటు తిరగలేదు. ఆ గాదె తాలూకు ఇంటివాళ్ళు ఊరొదిలి పోయింది తాను పుట్టకముందని బాసూ చేత చెప్పించింది. చెవిని కొంగున ముడి వేసుకుంది.

బయలుదేరే ముందు ఆమె పరదేశి గాదె ముందు ఆగి పెంచలయ్యవైపు చెయ్యి చాచింది. తిన్నవాడు తరవాత వచ్చేవాడికి ఏదైనా పెట్టి పోవాలి, అది ఊరి కట్టుబాటు. పెంచలయ్య సంచి అంతా కుమ్మరించి వెతికాడు. అడుగున అక్క దంచి పంపిన నల్లకారం పొట్లం మిగిలి ఉంది. అదే ఇచ్చాడు. ఇత్తో వాసన చూసి, కొండ అదిరేలా తుమ్మి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, దాన్ని తేనె కుండ పక్కన భద్రంగా పెట్టింది.

మనుషుల భుజాల మీద పడుకొని ఓబులేసు ఇదంతా చూశాడు. "ఒరే బాసూ," అన్నాడు నీరసంగా, "ఆడ ఒక చెంబు నీళ్ళు గూడా పెట్టమను మీ అమ్మను. ఎవురొస్తాడో పాపం."

పెంచలయ్య తలుపు మూసి, తాను తెంపిన గడ్డితాడును ముడేసి కట్టాడు.