బానెట్ మీది గులాబీలు

2003వ సంవత్సరం జూన్ నెల రెండవ ఆదివారం కెలవరపల్లి పాల సొసైటీ హాలులో జరిగిన సమావేశానికి హాజరైనవారు, వచ్చిన వరుసలో: మొదట నేను, శేషప్పను. జిల్లా గణాంక శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి విరమించినవాడిని, ఆనాటి అధ్యక్షుణ్ణి. తరువాత గులాబీ రైతు బైరప్ప, ఆయన వెనుక మరి పదకొండుమంది రైతులు. పిమ్మట బెంగళూరు కంపెనీ మేనేజరు వీరాస్వామి, ఆయన సర్వే అధికారి హేమంత్. అందరికంటె చివర, స్కూటీ మీద, పది నిమిషాలు ఆలస్యంగా, బైరప్ప కుమార్తె నందిత.

ఆలస్యాన్ని నేను సహించను. ఆ సంగతి నా చూపే ఆమెకు చెప్పింది.

"పూల బండి పంపించి వచ్చినాను తాతా, కోపం చేసుకోవద్దు" అని నవ్వి, మిగిలి ఉన్న ఒకే ఒక కుర్చీలో కూర్చున్నది. అది హేమంత్ పక్క కుర్చీ.

చర్చనీయాంశం ఒక్కటే. కెలవరపల్లి జలాశయం పక్కన కంపెనీవారు థీమ్ పార్కు కట్టదలచారు. రైతులు భూమి ఇస్తే, బదులుగా పార్కులో భాగం ఇస్తారు. బెంగళూరు జనం వస్తే అందరూ బాగుపడతారు. రాకపోతే తోటలూ ఉండవు, భాగమూ ఉండదు. కనుక తేలవలసిన ప్రశ్న: బెంగళూరు నగరం ఇంకొక పార్కును పోషించగలదా?

హేమంత్ లేచాడు. కృష్ణగిరిలో పుట్టి బెంగళూరులో చదువుకున్నవాడు. మడత నలగని చొక్కా, తడబాటు లేని మాట. అతని లెక్క ప్రకారం, మే నెల మూడవ ఆదివారం రాష్ట్ర సరిహద్దులోని జూజువాడి చెక్‌పోస్టు వద్ద, ఉదయం ఆరు నుండి పన్నెండు వరకు, బెంగళూరు వైపు నుండి వచ్చిన కార్లు రెండు వేల నూట నలభై. పట్టికలో ఒక్క కూడిక తప్పు లేదు. నేను ముందురోజే రైతుల తరఫున పరిశీలించి, "ఎక్సలెంట్" అని వ్రాసి సంతకం చేసి ఉన్నాను.

నివేదిక అట్ట మీద కార్ల బారు ఫోటో. నందిత తన ప్రతిని కంటికి దగ్గరగా పెట్టుకున్నది.

"ఏమప్పా, ఈ ఫోటో ఏ దినం తీసినావు?"

"లెక్కపెట్టిన రోజేనండీ."

"ఈ ముందు కారు బానెట్ మీద కట్టిండేది ఏమి?"

"పూలు. జనం ఎంత ఉత్సాహంగా విహారానికి బయలుదేరారో చూడండి."

"విహారం కాదు, పెండ్లి! ఆ గులాబీలు మా తోటవో, మా పక్క తోటవో. ఆ దినం పెద్ద ముహూర్తం. ఈడినుంచి కృష్ణగిరి దాకా కల్యాణ మండపం ఒక్కటీ ఖాళీ లేదు. నువ్వు లెక్కపెట్టిండేది పెండ్లి జనాన్నప్పా!"

హాలంతా నవ్వింది. నేను నవ్వలేదు. సంతకం నాది.

హేమంత్ చెవులు ఎర్రబడ్డాయి. "ఒక్క కారు మీద పూలు చూసి రెండు వేల కార్లనూ పెళ్లికి పంపేస్తారా?"

"అయితే మళ్లా లెక్కపెట్టు. ఈసారి ఆపి అడుగు, యాడికి పోతా ఉండారని."

"మీరూ రండి. తప్పు నాదైతే ఒప్పుకుంటాను. మీదైతే?"

"మా తోట నీ పార్కుకు రాసిస్తాడు మా నాయన. ఇంకేం కావాల?"

బైరప్ప ఉలిక్కిపడ్డాడు. కాని కూతురి మాటను కాదనలేదు.

అధ్యక్ష హోదాలో నేను నిర్ణయం ప్రకటించాను. ముహూర్తం లేని రెండు ఆదివారాలను నందిత ఎంచవలెను. లెక్క ఇద్దరూ కలిసి తీయవలెను. పెద్దదిక్కుగా నేను వెంట ఉంటాను.

చెప్పినట్లే, చెక్‌పోస్టు ఎదుటి టీకొట్టు బల్ల మీద ఇంగ్లీషు దినపత్రికతో కూర్చున్నాను. మొదటి ఆదివారం చాలాసేపు వారి మధ్య కార్లు తప్ప మాటలు లేవు. అటుపిమ్మట చెక్‌పోస్టు వద్ద ఆగిన ఒక కారులో అవ్వ కనిపించింది.

"యాడికి పోతా ఉండారు అవ్వా?" అని నందిత అడిగింది.

"ధర్మపురికి, మనమరాలిని చూసేదానికి. నువ్వూ ఎక్కుతావా?"

"లేదవ్వా. ఈడ పెద్ద పార్కు కడితే వస్తారా?"

"ఏముంటుంది దాంట్లో?"

"నీళ్లలో జారుడుబల్ల, ఆకాశమంత రంగులరాట్నం!" అన్నాడు హేమంత్.

"ఇంత దూరం వచ్చి జారి పడల్లా నాయనా? మేము మా ఊర్లోనే పడతాము. వయసులో ఉండారు, మొగుడూ పెండ్లాం మీరు పోండి."

కారు కదిలింది. ఇద్దరూ చెరొక కాగితంలో ఏదో అత్యంత శ్రద్ధగా వ్రాసుకున్నారు. తరువాత నేను చూస్తే, రెండింటిలోనూ ఆ గడి ఖాళీ.

రెండవ ఆదివారం పదకొండు గంటలకు వాన దిగింది. గొడుగు ఒక్కటే, అదీ నాది. దాన్ని తీసుకొని పరుగెత్తిన హేమంత్, నందిత తలకు కాక ఆమె చేతిలోని పట్టికకు పట్టాడు.

"నేను తడిస్తే ఫర్వాలేదా?"

"మీరు తడిస్తే ఆరతారు. ఇంకు తడిస్తే చెరిగిపోతుంది."

ఆమె కోపంగా చూడబోయి నవ్వింది. అతడు భుజం నుండి మోచేతి దాకా తడిసి నిలబడి, ఆ నవ్వునే చూస్తూ మూడు కార్లను వదిలేశాడు. గణాంక అధికారిగా నేను గమనించాను. పెద్దదిక్కుగా పత్రిక పైకెత్తుకున్నాను.

జూలైలో సమావేశం మళ్లీ జరిగింది. హాలు మెట్ల దగ్గర వీరాస్వామి హేమంత్‌ను ఆపాడు.

"పాత అంకె చదువు. నీ ఉద్యోగం పర్మనెంట్ చేసే ఆర్డరు నా బ్యాగులోనే ఉంది."

హేమంత్ లోపలికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో వాన మరకల కాగితాలు. బైరప్ప తోట, మరి పదకొండు తోటలు ఆ కాగితాల కోసం ఎదురుచూస్తున్నాయి.

"అడిగిన కార్లు నాలుగు వందల పన్నెండు. పార్కుకు వస్తామన్నవి ముప్పై ఒకటి. బెంగళూరు పెద్ద నగరమే. కాని ఇంత దూరం వచ్చి ఈ పార్కును నిలబెట్టదు. నా మొదటి లెక్క తప్పు. భూములు ఇవ్వకండి."

వీరాస్వామి బ్యాగు తీసుకొని కారెక్కాడు. హేమంత్ వచ్చినది కూడా ఆ కారులోనే.

బైరప్ప లేచి హేమంత్ దగ్గరికి వచ్చాడు. "మా తోట నిలబెట్టి నీ ఉద్యోగం పోగొట్టుకొంటివే అప్పా. ఇంకేం చేస్తావు?"

"బెంగళూరులో ఇంకొకటి వెతుక్కుంటాను. కాకపోతే ఆదివారం ఈ వైపు రావడం అలవాటైపోయింది."

"కార్లు లెక్కపెట్టేదానికా?" అన్నది నందిత.

"కార్లు కాదు. ఒక స్కూటీ వస్తుందా రాదా అని చూడటానికి."

ఆమె తాళంచెవి కొంగుకు చుట్టింది, విప్పింది. "ఆ స్కూటీ ఎప్పుడూ పది నిమిషాలు లేటుగా వస్తుంది. నిలబడి ఉంటావా?"

"వానలోనైనా."

పదకొండుమంది రైతులూ బైరప్ప వైపు తిరిగారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆషాఢం పోనీ. శ్రావణంలో మీ పెద్దోళ్లని పిలుచుకొని రా. ముహూర్తం ఏ దినమో ఈసారి ముందే అడిగి తెలుసుకో. పూలు మా తోటవే."

సమావేశపు మినిట్సులో చివరి అంశంగా నేను స్వయంగా వ్రాసినది ఇది: తన లెక్క తప్పని, నష్టం తెలిసి కూడా, నిండు సభలో నిలబడి చెప్పినందుకు శ్రీ హేమంత్ గారికి ఈ సభ కృతజ్ఞతలు తెలుపుతున్నది. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసులో, ఆ తప్పుడు పట్టిక మీద "ఎక్సలెంట్" అని వ్రాసిన ఈ అధ్యక్షునితో సహా, ఏ అధికారీ ఈ పని చేయగా నేను చూడలేదు.