క్యాన్సిల్ బటన్ లేని సెటప్

మాచర్ల స్టేషన్‌కి వచ్చిన రైలు ఇంకెక్కడికీ పోదు. పట్టాలు అక్కడితో సరి. గురువారం సాయంత్రం ఐదున్నరకి ఏజెంట్ షఫీక్ ఆ స్టేషన్లో, నెరిసిన పెట్టుడు గడ్డంతో, మిర్చి బ్రోకర్ వేషంలో బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. చేతికి శాటిలైట్ వాచీ, జేబులో సిగ్నళ్ళను చంపే జామర్ పెన్, చెప్పు అడుగున ట్రాకర్. అన్నీ ఉన్నా గడ్డం కింద దురదకి మాత్రం డిపార్ట్‌మెంటు దగ్గర మందు లేదు.

లహరి వచ్చింది. నల్లకళ్ళద్దాలు, గంధం రంగు సిల్కు చీర. ప్లాట్‌ఫారం మీద ఉన్న పదిమందీ తలలు తిప్పి చూశారు. గూఢచారిణికి అది మంచి లక్షణం కాదని శిక్షణలో చెబుతారు. లహరికి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

"తేజానా, బ్యాడిగీనా?" అంది, బెంచీకి ఆ చివర కూర్చుంటూ.

"రెండూ కావు. తాలుకాయ."

మిర్చి రకాల పేర్లతో పెట్టుకున్న కోడ్ సరిపోయింది. ఆమె ఓ పెన్‌డ్రైవ్ అతని పక్కన జారవిడిచింది.

"విషం కలిపిన సెటప్ ఇదే. ఉన్నది ఈ ఒక్క కాపీనే. ముఠా చేతిలోంచి లాగేశాను. మిషన్ ఓవర్, షఫీక్. ఇంటికెళ్ళి బిర్యానీ తిను."

ఆమె నవ్వింది. షఫీక్ నమ్మాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఇలాంటి నవ్వుని నమ్మడం అతనికి ఇది మూడోసారి.

చీఫ్ ఫణీంద్ర వారం కిందట ఇచ్చిన బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. విదేశీ ముఠా ఒకటి దిగింది. వాళ్ళు బాంబులు పెట్టరు, తుపాకులు పేల్చరు. కంప్యూటర్లో ఏదైనా సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే ముందు సెటప్ ఫైల్ నడపాలి కదా, దాని మీద కన్నేశారు. మనం నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పోతాం. వెనకాల ఏ ఫైల్ ఎక్కడ పెట్టాలో, ఏ యంత్రాన్ని ఎలా సెట్ చేయాలో చెప్పే స్క్రిప్టు ఒకటి వరుసగా నడుస్తుంటుంది. ఆ వరుసలో తమ ఆర్డర్ ఒకటి దూరుస్తారు. యంత్రం దాన్నే వింటుంది.

"వాళ్ళ ట్రయల్ పల్నాడులో," అన్నాడు ఫణీంద్ర. "మిర్చి కోల్డ్ స్టోరేజీ. అమ్మోనియా వాల్వులు నడిపే సాఫ్ట్‌వేర్. అవి తెరుచుకుంటే చుట్టూ విషవాయువే. అది గెలిస్తే తర్వాత దేశమంతా. డిజిటల్ సంతకాల సెక్షన్ నుంచి లహరి నీకు తోడుంటుంది."

శుక్రవారం ఉదయం తొమ్మిదిన్నరకి షఫీక్, గమ్ము వదలని ఆ గడ్డంతోనే, నరసరావుపేటలో ఖాదర్ వలి షాపు మెట్లెక్కాడు. ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడు ఖాదర్ వలే. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. ఒకప్పుడు టైప్ ఇన్‌స్టిట్యూట్ నడిపాడు, ఇప్పుడు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలన్నిటికీ సాఫ్ట్‌వేర్ రాసేది ఆయనొక్కడే. షఫీక్ కార్డు చూపించి, విషం ఎక్కడ కలిపారో చూడమని పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. ఖాదర్ వలి దాన్ని తెరిచి, స్క్రిప్టు మొత్తం పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివాడు.

"ఇందులో విషం ఎక్కడుంది సార్? ఇది నేను రాసిందే. ఒక్క చుక్క గూడా మార్లేదు."

షఫీక్ ఫోన్ మోగింది. ఫణీంద్ర గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా ఉంది.

"లహరి మనది కాదు. విషం కలిపిన సెటప్‌కి మన డిజిటల్ సంతకం పెట్టించి నిన్ననే పంపేసింది. పదీ పావుకి అమరేశ్వరరావు కోల్డ్ స్టోరేజీలో అదే మొదలవుతుంది. మనవాళ్ళు రావడానికి గంట పడుతుంది."

షఫీక్ మెట్లు దిగబోతూ ఆగిపోయాడు. అమరేశ్వరరావు కోల్డ్ స్టోరేజీలో మిర్చికి తొడాలు తీసే ఆడవాళ్ళు నూటయాభై మంది. వాళ్ళ జట్టుకి మేస్త్రి పీరాంబీ. పీరాంబీ అతని తల్లి. కొడుకు హైదరాబాదులో ఏసీలు అమ్ముతున్నాడని ఆమె అనుకుంటోంది.

ఫోన్ చేశాడు. రింగవుతోంది, ఎత్తడం లేదు. కారం చేతులతో ఫోన్ ముట్టుకోకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఖాదర్ వలి అమరేశ్వరరావుకి చేశాడు, పూజలో ఉన్నాడేమో ఆయనా ఎత్తలేదు.

ఖాదర్ వలి స్కూటర్ మీద ఇద్దరూ బయల్దేరారు. రైల్వే గేటు పడింది. గూడ్స్ బండి మెల్లగా, ఎంతో మెల్లగా పోయింది. ఏజెంటు దగ్గర శాటిలైటు వాచీ ఉంది గానీ గూడ్స్‌ని తోసే యంత్రం లేదు. గేటు లేచేసరికి పదీ పదహారు.

అమరేశ్వరరావు ఆఫీసు గదిలో, ఊదొత్తుల పొగ మధ్య, కంప్యూటర్ తెర మీద పచ్చగీత పాకుతోంది. 'ఖాదర్ సాఫ్ట్‌వేర్స్ మీకు స్వాగతం పలుకుతోంది' అని పైన పెద్దక్షరాలు. దాన్ని చూసి ఖాదర్ వలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఆపండి!" షఫీక్ కీబోర్డు మీద పడ్డాడు. కీబోర్డు పలకలేదు. మౌస్ కదల్లేదు. "క్యాన్సిల్ ఎక్కడ?"

"లేదు సార్."

"లేదంటే?"

"ఈ గుమాస్తాలు టీ వచ్చిందనో, పెళ్ళాం ఫోన్ చేసిందనో మధ్యలో క్యాన్సిల్ కొట్టేవాళ్ళు. సగంలో ఆగి చెడిపోతే నన్ను తిట్టేవాళ్ళు. అందుకని ఆ బటన్ నేనే పీకేశా."

షఫీక్ ప్లగ్ మీద చెయ్యి వేశాడు. ఖాదర్ వలి ఆ చేతిని పట్టుకుని వేలాడాడు.

"వద్దు బాబూ! తెర మీద ఆ మెట్ల వరుస చదువు. మొదటి మెట్టులోనే పాత సేఫ్టీ తీసేశారు. ఇప్పుడు కరెంట్ తీస్తే వాల్వులన్నీ ఒక్కసారి తెరుచుకుంటాయి. సెటప్ తనంతట తాను వెనక్కి పోవాల. పోతే పాత సేఫ్టీ మళ్ళీ ఎక్కుద్ది. చివరిదాకా పోయినా వాల్వులు తెరుచుకోటమే."

"చేత్తో తిప్పే వాల్వు?"

"అవి పీకేసి మోటార్లు పెట్టిచ్చాంగా పోయినేడు," అన్నాడు అమరేశ్వరరావు. ఆయన ఓనరు, డెబ్బై ఏళ్ళవాడు. ఏం జరుగుతోందో ఆయనకి అప్పుడప్పుడే అర్థమవుతోంది. "ఏందయ్యా ఇది? సంతకం సరిగ్గానే ఉందని వచ్చిందే!"

షఫీక్ జామర్ పెన్ నొక్కాడు. గదిలో ఉన్న ఫోన్లన్నీ చచ్చాయి. తెర మీద పచ్చగీత మాత్రం హాయిగా పాకుతూనే ఉంది. ఇంత నిస్సహాయంగా అతను ఎన్నడూ నిలబడలేదు. సరిహద్దులో తుపాకీ గుండు ఎదురైనప్పుడు కూడా పక్కకి దూకే వీలుండేది.

"వెనక్కి పోవాలంటే ఏం చెయ్యాలి? త్వరగా!"

ఖాదర్ వలి వేళ్ళు మడిచాడు. "డిస్క్‌లో చోటు లేకపోతే పోద్ది. చోటుంది. పాస్‌వర్డ్ తప్పయితే పోద్ది. వాళ్ళకది తెలుసు. ఇక మూడోది..." ఆగి అమరేశ్వరరావు వైపు చూశాడు. "రాహుకాలం."

"ఏంటి?"

"ఇక్కడెవరూ రాహుకాలంలో సాఫ్ట్‌వేర్ ఎక్కించనియ్యరు సార్. తెలియక ఎక్కిస్తే, ఆ ఏడాది ఏ మోటర్ కాలినా ఖాదర్ రాహుకాలంలో ఎక్కిచ్చాడనేవాళ్ళు. ప్రతిసారీ పంచాంగం చూసుకుంటా ఎట్టా బతికేది? అందుకని స్క్రిప్టులోనే రాసేశా. ఏ వారం ఎప్పుడో అదే చూసుకుని వెనక్కి పోద్ది."

"మరి మొదట్లోనే ఎందుకు చూడలేదు?"

"మొదట్లోనే పెట్టా. ఈ పెద్దాయనే ఒప్పుకోలా."

"మొదలెట్టే ఘడియ కాదయ్యా ముఖ్యం, పూర్తయ్యే ఘడియ," అన్నాడు అమరేశ్వరరావు, ఆ కంగారులో కూడా నమ్మకంగా. "అందుకని చివర్న పెట్టమన్నా."

శుక్రవారం రాహుకాలం పదిన్నరకి. తెర మూలన గడియారం పదీ ఇరవై మూడు చూపిస్తోంది. మిగిలిన మెట్లు లెక్కపెట్టి ఖాదర్ వలి పెదవి కొరుక్కున్నాడు.

"పదీ ఇరవై తొమ్మిదికల్లా అయిపోద్ది సార్. ఒక్క నిమిషం తక్కువ."

ఆ ఒక్క నిమిషం తెచ్చే మార్గం కూడా ఆయనే చెప్పాడు. రాహుకాలం చూసుకునే మెట్టుకి ముందు, ప్రింటర్ మీద టెస్ట్ పేజీ కొట్టే మెట్టు ఉంది. చేతికి కాగితం వస్తేగానీ సాఫ్ట్‌వేర్ ఎక్కిందని ఇక్కడి గుమాస్తాలు నమ్మరు. ప్రింటర్లో కాగితం లేకపోతే సెటప్ అక్కడే ఆగి కూర్చుంటుంది, పెట్టేదాకా. పెట్టకపోయినా మూడు నిమిషాలే, ఆ తర్వాత తనే ముందుకు పోతుంది.

షఫీక్ ఒక్క గుంజు గుంజాడు. గుమాస్తా బల్ల మీద ఉన్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లోంచి కాగితం ఊడి వచ్చింది. పదీ ఇరవై ఎనిమిదికి ప్రింటర్ కీచుమంది. 'పేపర్ లేదు' అని తెర మీద పడింది. పచ్చగీత ఆగింది.

"ముఠావాళ్ళు ఆ రాహుకాలం మెట్టు తీసేసి ఉంటే?" అన్నాడు షఫీక్.

"వరుసలో 'ఆర్.కె. చెక్' అని నే పెట్టిన పేరయితే ఉంది. లోపల ఖాళీ చేశారేమో నాకు తెలవదు."

మామూలుగా ఇలాంటి జవాబులకి షఫీక్ ఒప్పుకోడు. ఈసారి ఒప్పుకోక చేసేదేమీ లేదు. తెర మీద కన్ను తియ్యొద్దని ఖాదర్ వలికి చెప్పి, అమరేశ్వరరావుని గేట్లు తెరిపించడానికి పంపి, తను కిటికీ దగ్గరికి పరుగెత్తాడు. బయట రేకుల పందిరి కింద, ఎర్రటి కుప్పల మధ్య నూటయాభై మంది ముక్కులకి గుడ్డలు కట్టుకుని తొడాలు తీస్తున్నారు.

"అందరూ లేవండి! గ్యాస్ వస్తుంది! బయటికి పోండి!"

పీరాంబీ తలెత్తింది. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఒరేయ్ షఫీ! ఆ గడ్డం ఏందిరా?"

పన్నెండేళ్ళలో ఏ దేశపు గూఢచారీ ఆ వేషాన్ని పట్టుకోలేదు.

"అమ్మీ, ముందు లే! నీ కాళ్ళు పట్టుకుంటా!"

"వాసన వస్తే మేమే పోతాంలేరా. ఇరవయ్యేళ్ళ నుంచి ఈడ ఉన్నోళ్ళం. ఇంకా నాలుగు టిక్కీల బస్తాలు నింపాల, మధ్యాన్నానికి లారీ వస్తది."

"అమ్మీ, నేను ఏసీలు అమ్మేవాణ్ణి కాదు."

"తెలుసు," అంది పీరాంబీ. "ఆర్నెల్లకో కొత్త నంబర్ నుంచి, కొత్త గొంతుతో ఫోన్ చేసేవాడు ఏసీలేం అమ్ముతాడు? ఏం చేస్తున్నావో అడిగితే అబద్ధం చెప్తావని అడగలా." ఆమె అతని ముఖం ఇంకోసారి చూసింది. ఈసారి గడ్డాన్ని కాదు, కళ్ళని. చేతిలో కాయ కింద పడేసింది. "ఏమే, లేవండే! వాడు చిన్నప్పుడు గూడా ఇట్టా వణకలా. లేవండి, లేవండి!"

ఆడవాళ్ళు లేవసాగారు. చంటిపిల్లల్ని ఎత్తుకునేవాళ్ళు, చెప్పులు వెతుక్కునేవాళ్ళు. గేటు చాలా దూరం. రెండు నిమిషాల్లో సగం మంది కూడా దాటలేరని షఫీక్‌కి తెలుస్తూనే ఉంది.

అప్పుడు వెనక నుంచి ప్రింటర్ చప్పుడు వినిపించింది.

గుమాస్తా త్రికోటేశ్వరరావు టీ తాగి వచ్చాడు. ప్రింటర్ కీచుమంటోంది, కాగితం లేదు. ఇరవై ఏళ్ళుగా చేసే పని చేశాడు. కాగితం పెట్టి, మీట నొక్కాడు. తెరకేసి చూస్తున్న ఖాదర్ వలి తిరిగి చూసేసరికి మొదటి లైను అచ్చయిపోయింది. గడియారం పదీ ఇరవై తొమ్మిది.

"పేపర్ మర్చిపోయారు సార్, నే పెట్టా," అన్నాడు త్రికోటేశ్వరరావు నవ్వుతూ.

షఫీక్ దూకబోయాడు. ఖాదర్ వలి అరిచాడు. "ముట్టుకోవద్దు! మధ్యలో లాగితే ప్రింటయిందనుకుని ముందుకు పోద్ది!"

ఇక చేయగలిగింది లేదు. ముగ్గురూ నిలబడి చూశారు. ప్రింటర్ కిర్రుకిర్రుమంటూ ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకి నడిచింది. కోల్డ్ స్టోరేజీ పేరు. అడ్రస్. తర్వాత పార్ట్‌నర్ల పేర్లు. పార్ట్‌నర్లు పదకొండు మంది, ఒక్కరి పేరు తగ్గినా ఇంకొకరు అలుగుతారని ఇంటిపేర్లతో, తండ్రుల పేర్లతో సహా వేయించారు. షఫీక్ జీవితంలో మొదటిసారి ఎవరికీ తెలియని పదకొండు మంది పెద్దమనుషులకి ఇంకా పొడుగైన పేర్లు ఉండాలని కోరుకున్నాడు. తొమ్మిదో పేరు. పదో పేరు. కిటికీ బయట తల్లి గొంతు అందర్నీ గదమాయిస్తోంది. అందరూ దాటాకే తను దాటుతుందని అతనికి తెలుసు. పదకొండో పేరు సగానికి వచ్చింది.

కాగితం ఊడిపడింది. పచ్చగీత చివరికంటా పాకింది. గడియారంలో అంకె మారింది.

పదీ ముప్పై.

తెర మధ్యలో చిన్న పెట్టె తెరుచుకుంది. 'అయ్యా, ఇప్పుడు రాహుకాలం. పన్నెండు దాటాక ప్రయత్నించగలరు. మార్పులన్నీ వెనక్కి తీసుకుంటున్నాము.'

పచ్చగీత వెనక్కి నడిచింది. పాత సేఫ్టీ ఒక్కో మెట్టే ఎక్కింది. ఇంజన్ రూములో కంప్రెసర్ తన మామూలు రాగంలో పడింది. షఫీక్ కిటికీ దగ్గరికి పోయి తల్లి ఎంతదాకా వెళ్ళిందో చూశాడు. ఖాదర్ వలి గోడకి ఆనుకుని పైకే ఏడ్చాడు. త్రికోటేశ్వరరావు టెస్ట్ పేజీ చింపి, చదివి, ప్రింటు శుభ్రంగా వచ్చిందని ఫైల్లో పెట్టాడు.

పదకొండున్నరకి శావల్యాపురం దగ్గర లహరి కారు ఆపారు. చేతులకి బేడీలు వేస్తుంటే ఆమె అడిగింది ఒకటేనట. ఆ సెటప్‌ని తమ ల్యాబ్‌లో నలభైసార్లు నడిపి చూశారు, ప్రతి శుక్రవారం సాయంత్రం. ఒక్కసారీ ఆగలేదు. రాహుకాలం మెట్టుని లైసెన్స్ చెకింగ్ అనుకుని వదిలేశారు. మరి ఎందుకు ఆగింది?

ఫణీంద్ర ఫోన్ చేసేసరికి షఫీక్ పందిరి కింద తల్లి పక్కన కూర్చుని ఉన్నాడు. ఆమె తడిగుడ్డతో అతని గడ్డం పీకుతోంది. అంటించిన గమ్ము చర్మంతో సహా వచ్చేలా ఉంది.

"రిపోర్ట్ రాస్తున్నా. జామర్‌తో ఆపావా?"

"కాదు సార్."

"మరి ఎవరు ఆపారు?"

"రాహుకాలం సార్."

"ఇది ఢిల్లీ దాకా వెళ్ళే ఫైలయ్యా. ఏమని రాయను?"

షఫీక్ ఒక్క క్షణం ఆలోచించాడు.

"లోకల్ అసెట్ అని రాయండి సార్. రోజుకి గంటన్నర డ్యూటీ చేస్తుంది."