రెండోసారి చెప్పిన సాక్ష్యం

"మళ్లీ మాత్ర వేసుకోలేదు గదా...? నిజం చెప్పప్పా!"

జ్యోత్స్న నిలదీసింది. భర్త సాల్మన్ రాజు ఎడమ చెయ్యి అదిరి, గ్లాసులో టీ అంతా చొక్కా మీద ఒలికిపోయింది. ఆ అదురు సంగతి ఆమెకు బాగా తెలుసు. ముందు చెయ్యి అదురుతుంది... కాసేపటికో, పూట గడిచాకో మూర్ఛ వచ్చి మనిషి విరుచుకు పడిపోతాడు! నంద్యాల డాక్టరు మాత్రలు వాడినన్నాళ్లూ అది ఇంటి ఛాయలకు రాలేదు. ఇప్పుడేమో మానేశాడు మహానుభావుడు!

"నువ్వే గదా, నా పెనిమిటిని దేవుడు బాగుచేసినాడని చర్చిలో సాక్ష్యం చెప్పింది? ఇంగ మాత్రలేస్తే అది అబద్ధం కాదా?"

అయ్యో దేవుడా! శిరివెళ్లకు కాపురానికి వచ్చి ఎవరితోనూ కలవలేక కుమిలిపోయిన పిల్ల ఆమె. ఆ ఆదివారం లేచి నాలుగు మాటలు చెప్పగానే ఆడవాళ్లంతా చుట్టుముట్టి కౌగిలించుకున్నారు, చెల్లీ అని పిలిచారు. ఎంత ఆనందమో! ఆ ఆనందంలో మాత్రల మాట నోటికే రాలేదు. ఎవరికి మాత్రం వస్తుంది, మీరే చెప్పండి!

పైగా ఈ రోజు ఆరాధన కాగానే సండే స్కూలు పిల్లలను రుద్రవరం ప్రార్థన కూటానికి తన ఆటోలో తీసుకుపోతానని అతను మాటిచ్చాడు. పిల్లలను...!

"అత్తా, నువ్వన్నా చెప్పు" అని జ్యోత్స్న అత్తగారు జయమ్మ చేతులు పట్టుకుంది.

"ఏం చెప్పాల? సంఘం ముందర చెప్పిన మాట మార్చి మా మొగాన పేడ కొడతావా? నోరు మూసుకొని రా!"

చర్చిలో ఫిలిప్ పాస్టరు "ఎవరికైనా సాక్ష్యముందా?" అని అడిగారు. బయట పిల్లలు అప్పుడే ఆటో ఎక్కి కేరింతలు కొడుతున్నారు. ఆ నవ్వులు వినగానే జ్యోత్స్న లేవబోయింది. జయమ్మ ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. జ్యోత్స్న విడిపించుకుని లేచింది.

"అయ్యగారూ... నేను ఆ పొద్దు సగమే చెప్పినా. దేవుడు బాగుచేసినాడు, నిజమే. మాత్రలతో బాగుచేసినాడు! ఆ మాట చెప్పలేదని ఈయప్ప మాత్రలు మానేసినాడు. పొద్దున చెయ్యి అదిరింది. అక్కా, మీ పిల్లోళ్లను దింపుకోండి... మీ కాళ్లు పట్టుకుంటా!"

తల్లులు బయటికి పరుగెత్తారు. సాల్మన్ రాజు ముఖం కందిపోయింది. "పరువు తీసినావు గదే!" అని విసురుగా వెళ్లి ఖాళీ ఆటోలో కూర్చున్నాడు. అంతే... తాళం తిప్పకముందే ఒళ్లంతా కొయ్యబారి, పక్కకు ఒరిగి మట్టిలో పడిపోయాడు!

పోయింది... ఇక తన ముఖం ఎవరూ చూడరు అనుకుంది జ్యోత్స్న. కానీ అందరూ వచ్చారు! ఒకరు అతన్ని పక్కకు తిప్పారు, ఒకరు కొంగుతో నురగ తుడిచారు, ఒకరు నంద్యాలకు కారు మాట్లాడుతున్నారు. ఆ తల్లుల్లో ఒకరైన ఫెబా అక్క జ్యోత్స్నను గుండెలకు హత్తుకుని "మా బిడ్డల్ని కాపాడినావు చెల్లీ!" అని భోరున ఏడ్చింది.

ఎంతసేపటికో అతను కళ్లు తెరిచాడు.

"పిల్లోళ్లు... పిల్లోళ్లు యాడ?"

కొడుకు తలను ఒళ్లో పెట్టుకుని ఉన్న జయమ్మ కోడలి చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుంది.

"అందరూ ఈడనే ఉండారు నాయనా. నా కోడలు దింపిచ్చింది."