కీలులో ఉక్కు మేకు

“డ్రాయింగులు మాయమయ్యాయి. ఈ ఉదయమే జలంధర్‌ని చంపుతారు. ప్రమాదంలా కనిపిస్తుంది. మిగతాది బిల్కిస్ చెబుతుంది.”

ట్రాన్సిస్టర్‌లో ఢిల్లీ గొంతు ఆగిపోయింది. ఏజెంట్ ఇక్రాముద్దీన్ చెవిలోంచి వైరు లాగేశాడు.

1974. ఖతర్ ఉత్తర తీరం, అల్ రువైస్. ఇక్కడి షెడ్డులో ఆరు వారాలుగా హెల్పర్ వేషంలో గ్రీజు పూస్తున్నాడతను. ఆయిల్ పైప్‌లైన్ల నిఘా కోసం కరీంనగర్ ఇంజనీర్ జలంధర్ ఒక ఆటోజైరో, అంటే నెత్తిన రోటర్ రెక్కలు తిరిగే చిన్న విమానం, తయారుచేశాడు. దాని రోటర్ డిజైన్ మీద ఒక విదేశీ ముఠా కన్నేసింది.

బిల్కిస్ పైకి కంపెనీ సెక్రటరీ, లోపల ఢిల్లీ మనిషి. తెల్ల సిల్కు చొక్కా, గుప్పుమనే సెంటుతో షెడ్డు గుమ్మంలో ఎదురైంది.

“గాలి ఎటు?” అన్నాడు ఇక్రాముద్దీన్.

“సముద్రం నుంచి.” కోడ్ కుదిరింది. “పెట్రోల్ షెడ్డుల బాంబు ఉంది భాయ్. యల్లా, జల్ది!”

పరుగెత్తి డ్రమ్ములన్నీ దొర్లించాడు. ఏమీ లేదు. అంతలో రన్‌వే మీద జలంధర్ స్వయంగా నడిపే ఆటోజైరో ఇంజన్ మోగింది. అప్పుడు మెదిలింది, ఆమె తెల్ల చొక్కా అంచున ఎర్ర మరక. ఆ ఎర్ర గ్రీజు అతను ఒక్కచోటే పూశాడు: రోటర్ కీళ్లకు.

ఆటోజైరో రోటర్‌ను తిప్పేది ఇంజన్ కాదు, ఎదురుగాలి. యాభై ఏళ్ల కిందట తొలి యంత్రాలు లేవబోతూనే పక్కకు దొర్లిపడేవి. రెక్కలు పైకీ కిందికీ ఆడేలా కీళ్లు పెట్టాకే అవి ఎగిరాయి. ఆ కీళ్లు బిగిస్తే మళ్లీ దొర్లుడే!

ఇక్రాముద్దీన్ పికప్ ఎక్కి రన్‌వేకి అడ్డంగా దూకించాడు. యంత్రం మూరెడు దూరంలో ఆగింది.

“పాగల్ అయినవా?” అరిచాడు జలంధర్.

రోటర్ నిలిచాక ఇక్రాముద్దీన్ పైకెక్కి, కీలులో దిగ్గొట్టిన ఉక్కు మేకును పీకి, జలంధర్ అరచేతిలో పెట్టాడు. ఇంజనీర్ ముఖం పాలిపోయింది.

ముందు సీట్లోంచి కూలీ నర్సింలు దిగాడు. ఇసుక బస్తాలు రాలేదని, బరువు కోసం అతన్ని కూర్చోబెట్టింది బిల్కిస్సే.

“మట్టి తవ్వనీకి అచ్చిన సార్. బస్తా లెక్క సావనీకి కాదు,” అంటూ చక్రం పక్కన వాంతి చేసుకున్నాడు.

పోర్టులో లాంచీ ఎక్కబోతూ బిల్కిస్ దొరికింది, సంచిలో డ్రాయింగులతో సహా. రెప్ప కూడా వాల్చలేదు.

“నా పని పైలట్‌ను సంపుడే. ఆ లేబరోడంటవా, ఎవరో ఒకరు కూసోవాలె గద.”

ఇక్రాముద్దీన్ ఆమెను పోర్టు గదిలో పెట్టి తాళం వేశాడు. ఫోన్‌లో ఢిల్లీకి అంతా చెప్పాడు.

“శభాష్! ఆమెను కేసులో ఇరికించకు. రెండు వైపులా తెలిసిన మనిషి, పనికొస్తుంది. మర్యాదగా విమానం ఎక్కించు. నీకేమైనా కావాలా?”

“సబ్బు.”

“గ్రీజు వదలట్లేదా?”

“గ్రీజు ఎప్పుడో పోయింది సార్. ఆమె చేయి పట్టుకుని మెట్లెక్కించాలి కదా.”