పై చేని మన్ను

...అయినా మూడు కర్రలు కట్టిన ఆ చట్రాన్ని నడిపించడానికి ఇద్దరు మనుషులు ఎందుకు? ఒక కాలు హేమ్లి పట్టుకోవాలి, ఇంకో కాలు ఆ కొత్త సార్. నడుమ దారానికి వేలాడే రాయి ఊగడం ఆగేదాకా ఇద్దరూ వంగి దాన్నే చూడాలి. సరే, చూడండి. కాని రాయి ఆగితే నవ్వు ఎందుకు వస్తుంది? బద్యా తన చేలో రాయి మీద కూర్చుని పొద్దుటి నుంచి లెక్కపెడుతున్నాడు. హేమ్లి పదకొండు సార్లు నవ్వింది. పన్నెండోది దగ్గు కావచ్చు. దగ్గే అనుకుంటే కాస్త హాయిగా ఉంది.

తండా వెనుక, అడవి అంచున, గుట్ట వాలు మీద హేమ్లి వాళ్ల చేను. దాని కింద బద్యాది. నడుమ చిన్న గట్టు. ప్రతి తొలకరికీ పై చేని మన్ను నీళ్లలో కలిసి గట్టు దాటి కిందికి దిగేది. ఏటేటా హేమ్లి చేలో రాళ్లు తేలేవి, బద్యా చేలో కంది నడుము దాటి పెరిగేది. వాన వెలిసిన మర్నాడు ఆ మెత్తటి ఎర్రమట్టిలో చీలమండల దాకా దిగబడి నిలబడడం అతనికి ఇష్టం. అదంతా ఆమె తనకోసం పంపిందేనని అతని మనసు ఎప్పుడో కథ అల్లుకుంది. నోరు తెరిచి ఆమెతో ఒక్కనాడూ ఏమీ అనలేదు. మన్ను వస్తోంది కదా, మాటలెందుకు అనుకున్నాడు.

ఆ ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలం, ఏదో సంస్థ తరఫున రామ్‌చందర్ సార్ మోటారు సైకిల్ మీద వచ్చి, మన్ను కదలకుండా చేస్తానన్నాడు. చట్రంతో లెవల్ చూసి, ఒకే ఎత్తున్న చోట్ల గుర్తుకు చిన్న కర్ర గూటాలు పాతుతారట. వాటి వెంబడి రాతికట్ట వేస్తే నీళ్లు పరుగెత్తకుండా అక్కడే ఇంకుతాయట. జొన్న కొయ్యకాళ్లు కాల్చొద్దన్నాడు, ఆకూ అలమూ నేల మీద పరచమన్నాడు, తొలి వానకు జనుము చల్లి పూతకు వచ్చేసరికి కలియదున్నమన్నాడు. హేమ్లి తండ్రి పూల్‌సింగ్ వెంటనే ఒప్పుకున్నాడు. ఈ ఏడు కూడా పండకపోతే చేను వదిలేసి, బిడ్డను తీసుకుని నేలకొండపల్లి దిక్కు కూలికి పోతానని ఆయన అప్పటికే తండాలో అందరికీ చెప్పి ఉన్నాడు.

బద్యాకు ఆ మాట తెలుసు. హేమ్లి వెళ్లిపోకూడదు. కాని ఆమె ఉండిపోవడానికి కారణం ఇంకొకడు కావడం కూడా అతను భరించలేడు.

సార్ వచ్చిన మూడోనాడు మంచినీళ్ల వంకతో గట్టు దాకా వెళ్లాడు. నానబెట్టిన ఆకుల కుప్ప దగ్గర హేమ్లి అరచేతిలో ఏదో పట్టుకుని సార్‌కు చూపిస్తోంది. సార్ తల ఆమె చేతి మీదికి వంగి ఉంది.

"ఏందది?" అన్నాడు బద్యా.

"వానపాము. ఇది కూడా రైతే అంటడు సార్. ఒక్క రోజు నాగా పెట్టదట."

"నేను మాత్రం పెడుతున్ననా?"

"అవ్, గా రాయి మీద కూసునుడు నువ్వు ఒక్కనాడు నాగా పెట్టలే."

సార్ నవ్వాడు. వానపాము మీద కూడా మనిషికి ఈర్ష్య పుట్టగలదని బద్యాకు ఆ పూట తెలిసింది.

మధ్యాహ్నం వాళ్లు అంబలి తాగడానికి ఇప్పచెట్టు కిందికి పోయారు. బద్యా గట్టెక్కి, వరుసలో ఒక గూటం పీకి, మూరెడు కిందికి పాతాడు. సార్ లెక్క తప్పాలి. మన్ను కొంచెమైనా తన వైపు రావాలి. ఈ రెండిట్లో ఏది ఎక్కువ కావాలో తేల్చుకోలేకపోయాడు. చేతులు పని చేస్తుంటే మనసు పక్కన నిలబడి చూసింది, వద్దనలేదు.

తండ్రీ కూతుళ్లు పదిహేను రోజులు రాళ్లు మోసి గూటాల వెంబడి కట్ట వేశారు. బద్యా రాయి మీద కూర్చుని చూశాడు.

వాన పట్టపగలే విరుచుకుపడింది. మూరెడు కిందికి జారిన ఆ ఒక్క చోటికే కట్ట వెంబడి నీళ్లన్నీ చేరాయి. సాయంత్రం లోపు అక్కడ గండి పడింది. ఆకులు, పెంట, పదునెక్కుతున్న మన్ను, అంతా బద్యా చేలోకి దిగింది. అంత మన్ను ఏ ఏడూ రాలేదు.

పొద్దున్నే వచ్చిన రామ్‌చందర్ సార్ పూల్‌సింగ్ ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "నా లెవల్ తప్పిందన్నా. తప్పు నాదే" అన్నాడు. పూల్‌సింగ్ కోప్పడలేదు. ఇక మూటలు కట్టుకోవలసిందేనని మెల్లగా అన్నాడు. హేమ్లి గండి పక్కన కూర్చుని ఉంది. ఎవరి వైపూ చూడడం లేదు.

గట్టు మీద నిలబడ్డ బద్యా తాను గెలిచానని గ్రహించాడు. నోరు మూసుకుంటే చాలు, సార్ ఇక ఈ దిక్కు రాడు. సంతోషం వస్తుందేమోనని కాసేపు ఎదురు చూశాడు. రాలేదు.

"లెవల్ తప్పలే సార్. గూటం నేను జరిపిన."

సార్ అతని ముఖంలోకి చూశాడు. ఆ చూపు హేమ్లి మీదికి వెళ్లి తిరిగి వచ్చింది. తర్వాత పూల్‌సింగ్ భుజం మీద చెయ్యి వేసి, మిగిలిన కట్ట ఎట్లుందో చూద్దాం రమ్మని ఆయన్ని దూరంగా నడిపించుకుపోయాడు.

"ఎందుకు?" అంది హేమ్లి.

"నువ్వు సార్ దిక్కే చూస్తున్నవ్. నా దిక్కు చూస్తలేవు."

ఆమె ఒక రాయి తీసుకుంది. విసురుతుందనుకుని కళ్లు మూసుకున్నాడు. ఆమె దాన్ని గండిలో పెట్టింది.

"ప్రతి వానకు నా మన్ను ఎటు పోతది?"

"నా చేలకు."

"మరి ఇన్నేండ్లు నేను ఎటు చూస్తున్ననుకున్నవ్?" ఆమె గొంతులో కోపం తగ్గలేదు. కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "మన్ను ఆగితే చేను నిలుస్తది. చేను నిలిస్తే నేనుంట. గింత కూడా తెలుస్తలేదా నీకు?"

బద్యా కిందికి దిగి, తట్ట తెచ్చుకుని, పారతో కొత్త మట్టిని గీకడం మొదలుపెట్టాడు. అందులో ఎక్కడిదాకా ఆమెది, ఎక్కడి నుంచి తనది అన్నది తెలియలేదు. లోతుగానే తీశాడు. నిండిన తట్టను నెత్తికెత్తుకుని, వాలు ఎక్కి, గండి ముందు ఆమె కాళ్ల దగ్గర కుమ్మరించాడు.