పదహారు మీటర్ల అవతలి గొంతు

మొదట్లో నా దగ్గరున్నది తొమ్మిది వేల రెండు వందల సోమ్‌లు. బాలిక్చి బస్టాండులో పొగబెట్టిన చేపలు అమ్మి కూడబెట్టింది. ఆరు వేలు మైకుకి పోయాయి. మిగతా దాంట్లో ఒక ముసలావిడ దగ్గర పాత గుడారం తాలూకు దళసరి ఉన్ని కంబళ్లు బేరమాడాను.

"మా అమ్మాయి సరస్సులో పోయింది బాబూ. శవం దొరకలేదు. శవాన్ని ఉంచాల్సిన ఈ గుడారం ఖాళీగానే వేసి, దాని ముందు కూర్చుని ఏడ్చాం" అంది.

అదే అదనుగా ఇంకో ఐదు వందలు తగ్గించాను.

సరస్సు ఒడ్డున మూతబడ్డ చేపల ఫ్యాక్టరీ ఉంది. అందులో కిటికీల్లేని శీతలగది మా రికార్డింగ్ గది. చప్పుడు మారుమోగకుండా గోడల నిండా ఆ కంబళ్లు కట్టాం. నేను గిటారు, మెదెర్ డ్రమ్స్. పాడేది నా చెల్లెలు సయ్‌కాల్. పదహారేళ్లు. వసంతంలో బిష్కెక్‌లో జరిగే రాక్ పండగకి నాలుగు పాటలు పంపాలి.

మొదటి పాట విని చూస్తే, సయ్‌కాల్ గొంతు కింద ఇంకో గొంతు. అవే మాటలు, అర క్షణం వెనగ్గా.

"నీ చెల్లెలికి అప్పుడే అభిమాని దొరికింది రా. టికెట్ డబ్బులు వసూలు చెయ్యి" అన్నాడు మెదెర్.

శబ్దం బలాన్ని బట్టి దూరం లెక్కగట్టాను. పదహారు మీటర్లు. గది పొడవు ఐదే.

రెండో పాటలో ఆ గొంతు నాలుగు మీటర్ల దూరంలో ఉంది.

మూడో పాటలో... ఒకటి.

పాట పాటకీ సయ్‌కాల్ గొంతు బొంగురుపోతోంది. "అన్నయ్యా, పాడుతుంటే మెడ మీద తడి తగులుతోంది" అంది గుసగుసగా.

తర్వాతి లెక్క నాకు తెలుసు. పాతిక సెంటీమీటర్లు. సయ్‌కాల్ పెదాలకీ మైకుకీ మధ్య దూరం సరిగ్గా అంతే.

"ఇక ఆపేద్దాం" అన్నాను.

"మూడే పంపితే విననే వినరని నువ్వేగా అన్నావు? నొక్కు" అంది సయ్‌కాల్.

రికార్డింగ్ మీట నొక్కాను.

తడిసిన ఉన్ని వాసన. నాచు వాసన. కంబళ్ల వెనక ఏదో కారుతున్న చప్పుడు... సయ్‌కాల్ పాడింది. బొంగురు లేదు. అంత తేటగా ఎప్పుడూ పాడలేదు. మెదెర్ సంబరంగా, మాంసం కూరిన సంసాలు తేవడానికి వెళ్లాడు.

నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను.

దగ్గర్లో ఒకే గొంతు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు వినిపించింది. చాలా వెనగ్గా. బొంగురుగా. అవి పాట మాటలు కావు.

"అన్నయ్యా... చలిగా ఉంది..."

రెండుసార్లు లెక్కగట్టాను. పదహారు.

హెడ్‌ఫోన్స్ తీశాను. ఎదురుగా స్టూలు మీద చెల్లెలు నన్నే చూస్తోంది. నవ్వుతోంది. మైకు నుంచి పదహారు మీటర్లంటే... గోడ దాటి, ఆరు మీటర్ల ఇసుక దాటి... నీళ్లలో.

గడప మీద కూర్చుని బూటు లేసు విప్పసాగాను.

"వద్దన్నయ్యా." వెనకనుంచి, ఆ తేట గొంతుతో. "అక్కడ లోతు నీ లెక్కకి అందదు."

రెండో బూటు కూడా విప్పాను.